కాకులు పోల్చుకున్న మొహం

మే 4, సోమవారం

నడక ఇరవై రెండు నిమిషాలు. మిగతా పద్దెనిమిదీ పరుగు.

డాక్టరు రోజూ నలభై నిమిషాలు నడవమన్నాడు, ఎంత నడిచానో కాగితం మీద రాసుకు రమ్మన్నాడు. షుగరు ఆ స్థాయిలో ఉంది మరి. ఆ కాగితం వేరు, దాంట్లో అంకెలే ఉంటాయి. ఇవాళ జరిగింది అంకెల్లో పట్టేది కాదు. షాపు అరలో ఏళ్ళ తరబడి ఖాళీగా పడివున్న ఈ డైరీ దుమ్ము దులిపి తీశాను.

ఇవాళ నన్ను కాకి కొట్టింది.

పొద్దున ఆరుంబావు. నీళ్ళ ట్యాంకు పక్క సందులోకి తిరిగి నా మానాన నేను నడుస్తున్నాను. ముందు నెత్తి మీద కాస్త గాలి తగిలింది. ఏమిటా అనుకునే లోపల ఠప్పుమని దెబ్బ. తల పట్టుకుని వెనక్కి తిరిగితే కరెంటు తీగ మీద కూర్చుని నా వంకే చూస్తోంది. దాన్ని నేను చూస్తుండగా వెనక నుంచి ఇంకోటి వచ్చి కొట్టింది. ముప్పై ఆరేళ్ళుగా నా షాపులో కుర్చీ ఎక్కిన ప్రతివాడి తలా నా వేలు తగలగానే వంగింది. అలాంటి మంగలి తల ఒక కాకి వంచింది.

యాభై ఏడేళ్ళ వయసులో అంత పరుగు నాలో ఉందని నాకే తెలియదు. ఒక చెప్పు సందులోనే ఉండిపోయింది. మా ఆవిడ ముందు తల సబ్బుతో కడుక్కోమని, తర్వాత మందు రాస్తూ, మధ్య మధ్య నవ్వింది. నాకు కోపం రావాలి, రాలేదు. ఇది రాస్తుంటే కూడా గుండె దడదడలాడుతోంది. నిజం చెప్పాలంటే బాగుంది. ఎన్నాళ్ళయిందో ఒంట్లో రక్తం ఇలా పరిగెత్తి.


మే 5, మంగళవారం

చెప్పు కోసం వెళ్ళాను. చెప్పు ఉంది. కాకులూ ఉన్నాయి.

ఇవాళ కళ్ళు తెరుచుకుని వెళ్ళాను కాబట్టి సంగతి అర్థమైంది. రోజూ నల్లకుక్కను తిప్పే ఒకావిడ నాకంటే ముందు అవి కూర్చున్న చెట్టు కిందనే వెళ్ళింది. ఆవిణ్ణీ ఏమీ అనలేదు, కుక్కనీ ఏమీ అనలేదు. పేపరు వేసే ఆయన సైకిలు మీద వెళ్ళాడు. ఒక్క కాకి కూడా మెడ తిప్పలేదు. నేను చెట్టుకి ఇరవై అడుగుల దూరంలో ఉండగానే రెండూ లేచాయి. నా ఒక్కడి మీదే ఎందుకింత ప్రేమ?

రెండింటినీ పోల్చుకోగలను. ఒకదానికి ఎడమ రెక్కలో ఒక ఈక తెల్లబడి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దానికి ఇన్‌స్పెక్టరని పేరు పెట్టాను. రెండోది దాని పెళ్ళాం అయ్యుండాలి. అరిచేది ఆయన, కొట్టేది ఆవిడ.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, నాలుగడుగుల్లో పార్కు పెట్టుకుని ఆ సందులోకే ఎందుకండీ వెళ్ళటం అంది. అక్కడ నీడ ఉంటుందన్నాను. పొద్దున ఆరింటికి నీడెందుకు అంది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకుండా ఊరుకుంటే ఏమంటోందో నాకు తెలుసు.

రాసుకోవటానికి నాకేం భయం? ఆ సందులో పద్నాలుగో నంబరు మా అన్నయ్య ఇల్లు. ఒక్కడే ఉంటాడు. మాకు ఆరేళ్ళుగా మాటల్లేవు. ఇద్దరం కలిసి నడిపిన షాపుని వదిలేసి తనంత తనే వెళ్ళిపోయాడు. ఆ గేటు వంక చూడటానికి నేను అటు పోవటం లేదు. పదమూడో నంబరు గేటుని ఎలా చూస్తానో పద్నాలుగునీ అలాగే చూస్తాను. ఆకుపచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. గడియ తుప్పు పట్టింది. కింద కుడివైపు మూల కొంచెం వంగింది.

పదమూడో నంబరు గేటు ఏ రంగో ఇప్పుడు గుర్తు రావటం లేదు.


మే 6, బుధవారం

గొడుగు పట్టుకెళ్ళాను. గొడుగుకి రెండు చిల్లులు. నాకు లేవు. ఇవాళ్టికి నాదే పైచెయ్యి.


మే 8, శుక్రవారం

పక్క షాపు కళ్ళజోళ్ళాయన గడ్డం గీయించుకోవటానికి వచ్చాడు. నా నెత్తి మీద దెబ్బలు చూసి కథంతా చెప్పించుకున్నాడు. కాకి మనిషి మొహాన్ని మర్చిపోదట. ఎవరైనా దాని పిల్లల జోలికి వెళితే ఆ మొహాన్ని జీవితాంతం గుర్తు పెట్టుకుంటుందట, తోటి కాకులకు కూడా చూపిస్తుందట. ఎక్కడో చదివాడు. నేను వాటి జోలికి వెళ్ళలేదే, పొరబడి ఉంటాయన్నాను. మొహాల విషయంలో కాకి పొరబడదండీ అన్నాడు.

ఈ మాట నాకు గుచ్చుకుంది. మొహాలంటే నా పని. నురగ పూసి కూర్చోబెట్టినా ఎవడు ఎవడి కొడుకో చెబుతాను. నా మొహంలో నాకు కనబడనిది ఆ రెండు కాకులకు ఏం కనబడింది?

అద్దంలో నా వంక చూస్తూ ఆయన, "ఆ సందులోనే కదా మీ..." అన్నాడు. అని ఆగిపోయాడు. అప్పటికి కత్తి ఆయన గొంతు కింద ఉంది. మా షాపులో ఆ మాట ఎవరూ ఎత్తరు.

అన్నయ్యకి ముక్కు మీద కోపం. చిన్న మాట కూడా పట్టలేడు. పదిమంది ముందు ఏదో అయింది, వెళ్ళిపోయాడు. అంతే జరిగింది.


మే 9, శనివారం

నిర్ణయించుకున్నాను. మీసం తీసేస్తాను.

పెళ్ళికి ముందు నుంచీ ఉన్న మీసం. అయినా సరే. మొహం చూసి కొడుతున్నాయా లేదా తేలాలంటే మొహం మార్చాలి. మొహాలు మార్చి బతికేవాణ్ణి, నాకంటే బాగా ఎవరు చేస్తారు ఈ పని?


మే 10, ఆదివారం

కొట్టలేదు!

చెట్టు దాకా వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు తీగ మీద నుంచి తల ఇటు వంచి ఒకసారి, అటు వంచి ఒకసారి చూశాడు. ఆయన పెళ్ళాం నా వెంటే రెండు స్తంభాల దూరం వచ్చింది. ఎక్కడో చూసినట్టుందే అనుకునే గిరాకీ మొహం పెట్టాయి రెండూ. కొట్టలేదు. సందు మధ్యలో నిలబడి చేతులు రెండూ పైకెత్తాను. నల్లకుక్క ఆవిడ కుక్కను కాస్త దగ్గరికి లాక్కుంది.

అంటే మొహమే. అయితే ఇంకెవరి మొహమో అయ్యుండాలి. ఎవరో నా పోలికలున్న మనిషి వాటికి కీడు చేశాడు, దెబ్బలు నేను తింటున్నాను. ఎవడో తేల్చకుండా వదలను. రేపటి నుంచి అసలు ఆట.

మా ఆవిడకి మాత్రం మీసం లేని మొగుడు నచ్చలేదు. మీరు మాట్లాడుతుంటే పై పెదవి ఎవరిదో అనిపిస్తోంది అంది.


మే 11, సోమవారం

షాపులో బల్ల కింద నాటకాల పెట్టె ఉంది. బడి వార్షికోత్సవాలకీ, నాటకాల వాళ్ళకీ గడ్డాలు, మీసాలు అద్దెకిస్తాం. రాజుగారి నల్లగడ్డం, మంత్రిగారి మేకగడ్డం, ముసలాయన తెల్లగడ్డం. జిగురు రాసి అంటించటం అన్నయ్యే నేర్పాడు. అంచులు ముందు, గడ్డం కింద ఆఖర్న.

ఇవాళ రాజుగారి నల్లగడ్డం పెట్టుకుని బయల్దేరాను. మా ఆవిడ వాకిట్లో ఎదురై, ఏ రాజ్యం మీదికి అని అడిగింది.

కాకులు పట్టించుకోలేదు. ఇన్‌స్పెక్టరు ఒక్కసారి కావుమన్నాడు, అదీ మొక్కుబడిగా. నల్లకుక్క మాత్రం సందు చివరి దాకా నన్ను చూసి మొరిగింది.


మే 12, మంగళవారం

మంత్రిగారి మేకగడ్డం. ఏమీ లేదు. అసలు చూడనే లేదు. కాస్త అవమానంగా కూడా అనిపించింది.


మే 13, బుధవారం

ఒళ్ళంతా ఇంకా ఊగుతోంది. అక్షరాలు ఎటుపోతే అటు పోనీ.

ఇవాళ తెల్లగడ్డం. సందు మొదట్లో అడుగు పెట్టానో లేదో, చెట్టు ఇంకా వంద అడుగులుంది, ఇన్‌స్పెక్టరు అరిచిన అరుపు నేను ఇంతవరకు విననిది. ఆ అరుపుకి రెండు కాదు, నాలుగు కాదు, ఎక్కడెక్కడి కాకులో లేచాయి. ట్యాంకు మీదవి, మేడల మీదవి, తీగల మీదవి. సందులో పైన ఆకాశం నల్లబడింది. ఒకటి చెవి దగ్గర, ఒకటి మెడ మీద, ఇన్‌స్పెక్టరు పెళ్ళామైతే సూటిగా మొహం మీదికే వచ్చింది. గడ్డం పట్టుకుని లాగింది. నేను మోచేతులు అడ్డం పెట్టుకుని, నవ్వుతూ, తిడుతూ, గోడలకు గుద్దుకుంటూ పరిగెత్తాను. అవును, నవ్వుతూనే. మెడ మీద రక్తం కారుతోంది, నాకు నవ్వాగలేదు. దొరికిందిరా అనుకున్నాను. ముడి విడింది.

ఇప్పుడు నిదానంగా ఆలోచించి రాస్తాను. నల్లగడ్డం మీద వాటికి పగ లేదు. మేకగడ్డం మీద లేదు. ఉత్త మీసం ఉన్న నా మొహం మీద కొంచెం ఉంది. తెల్లగడ్డం ఉన్న నా మొహం మీద ప్రాణం తీసేంత ఉంది. అంటే వాటి శత్రువు నా ముక్కు, నా నుదురు, నా నడక ఉన్న తెల్లగడ్డం మనిషి. ఆ సందులోనే ఉంటాడు. నాకంటే కాస్త పెద్దవాడు. నా ముక్కు, నా నుదురు, నా


మే 14, గురువారం

కాలు నొప్పి. నడవలేదు.


మే 15, శుక్రవారం

కాలు నొప్పి. ఏ కాలు అని మా ఆవిడ అడిగింది. ఎడమది అన్నాను. నిన్న కుడిది అన్నారు అంది.


మే 16, శనివారం

రాసేస్తాను. ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను?

మా అన్నయ్యకి గడ్డం పెరిగింది.

ఈ ఒక్క ముక్క రాయటానికి మూడు రోజులు పట్టింది. అన్నయ్య ఒక్కరోజు కూడా గడ్డంతో కనిపించినవాడు కాదు. జ్వరం వచ్చినా పొద్దున లేచి గీసుకునేవాడు. గడ్డం మాసిన మంగలి దగ్గరికి ఎవడొస్తాడురా అనేవాడు. బెలూన్ ఊది, దాని మీద నురగ రాసి, నా చేతిలో కత్తి పెట్టి, నా చెయ్యి తన చేత్తో పట్టుకుని గీయించి పని నేర్పాడు. పదిహేడు బెలూన్లు పగిలాయి. పద్దెనిమిదోది పగల్లేదు. దాన్ని వారం రోజులు షాపులో వేలాడదీశాడు.

అలాంటి మనిషి గడ్డం పెంచుకున్నాడంటే సరదాకి కాదు. గీసుకోలేకపోతున్నాడు. ఆరేళ్ళ కిందటే మొదలైన చేతుల వణుకు ముదిరి ఉంటుంది. ఇంకొకరి చేత గీయించుకోవటానికి మనసొప్పటం లేదు. నాలుగు వీధుల అవతలే ఉన్న మంగలి తమ్ముడికి, అన్న గడ్డం పెరిగిందని కాకులు చెబితే తెలిసింది.

ఎనిమిదో తారీఖున రాసింది అబద్ధం. పదిమంది ముందు ఏదో అవటం కాదు. నేను చేశాను. అన్నయ్య చేతులు వణకటం అప్పటికి నాలుగు నెలల నుంచి చూస్తున్నాను. ఒక్కసారి కూడా లోపలికి పిలిచి మాట్లాడలేదు. ఆ రోజు షాపు నిండా జనం. ఒకాయన చెవి తెగింది, పెద్ద గాయమేం కాదు. నేను అటు నుంచి వచ్చి, అన్నయ్య చేతిలోంచి కత్తి లాక్కుని, ఇక చాలు నువ్వు కూర్చో అన్నాను. అందరూ విన్నారు. నాకు పని నేర్పిన చేతిలోంచి లాక్కున్నాను. అన్నయ్య మెడలో తువ్వాలు తీసి కుర్చీ చేతి మీద మడత పెట్టి వేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు వెళ్దామనుకున్నాను. మర్నాటికి మొహం చెల్లలేదు. వారం పోయాక, వెళితే ఆ వారానికి కూడా సంజాయిషీ చెప్పాలి. నెల పోయాక నెలకి. అలా ఆరేళ్ళు.

రేపు వెళ్తాను.


మే 17, ఆదివారం

వెళ్ళాను!

గడ్డమూ లేదు, మీసమూ లేదు, ఉత్త మొహంతో వెళ్ళాను. గేటు ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఇన్‌స్పెక్టరు గోడ మీద కూర్చుని నాతోపాటు ఎదురు చూశాడు. గేటు తీసుకుని లోపలికి పోయి తలుపు కొట్టాను. చాలాసేపటికి గడియ చప్పుడైంది. గొళ్ళెం మీద చెయ్యి నిలవక కటకటమని కొట్టుకోవటం వినిపించింది. తలుపు తెరుచుకుంది.

తెల్లగడ్డం. గుండెల దాకా ఉంది. నాటకాల పెట్టెలో దాని కంటే పెద్దది. ఆరేళ్ళ తర్వాత అన్నయ్య నాతో అన్న మొదటి మాట:

"తలుపెయ్యరా, పిల్ల బయటికి పోతుంది."

లోపలికి వెళ్ళి తలుపు వేశాను. మూలన పక్కకి వాల్చిన బుట్ట, దాంట్లో పాత తువ్వాలు మీద కాకిపిల్ల. నీలం కళ్ళు, ఎర్రటి నోరు, ఒక కాలికి కట్టు. కట్టు దేంతో కట్టాడో చూసి నోరు వెళ్ళబెట్టాను. దువ్వెన పళ్ళు రెండు విరిచి అటూ ఇటూ పెట్టి దారంతో చుట్టాడు. ఎంతసేపు పట్టిందని అడిగాను. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు వాలిందన్నాడు.

ఏప్రిల్ ఆఖర్లో గాలివాన వచ్చిన రోజు చెట్టు మీద నుంచి పడిందట. కాలు విరిగింది. గోడ మీద పిల్లి ఉంది. అన్నయ్య తీసి లోపల పెట్టాడు. తల్లీతండ్రీ మాత్రం పిల్లని ఎత్తుకుపోయిన దొంగనే చూశాయి. ఆ రోజు నుంచి గడప దాటితే చాలు, ఇంటి మీద పడి అరుస్తున్నాయి, కొడుతున్నాయి. పద్దెనిమిది రోజులుగా అన్నయ్య బయటికి రాలేదు. కొట్టు వాళ్ళు రొట్టె, గుడ్లు గేటుకి తగిలించి పోతున్నారట. రొట్టె నానబెట్టి, గుడ్డు ఉడికించి, చిన్న చిన్న ముక్కలు చేసి పెడుతున్నాడు. చెయ్యి వణుకుతుంది కాబట్టి ముక్క కదులుతుంది, పురుగనుకుని ఠక్కున అందుకుంటోంది. నా చెయ్యి పనికొస్తోందిరా ఎక్కడో ఒకచోట అన్నాడు.

గడ్డం గీస్తాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఈ మొహం చూసే నోరు తెరుస్తుంది, మొహం మారితే బెదురుతుంది, అది ఎగిరాక చూద్దాంలే అన్నాడు. రోజూ కిటికీలోంచి నన్ను చూస్తున్నాడట. తనకి తగలాల్సిన దెబ్బలు నాకు తగులుతుంటే మొదటి రోజు నవ్వొచ్చిందట. తర్వాత రాలేదట. కానీ ఆ రాజుగారి గడ్డం చూసినప్పుడు మాత్రం మళ్ళీ నవ్వాపుకోలేకపోయాడట.

కత్తి సంగతి నేను ఎత్తలేదు. తను ఎత్తలేదు. పిల్ల ఒక్కటే నోరు మూయకుండా అరిచింది.


మే 19, మంగళవారం

రోజూ వెళ్తున్నాను. మా ఆవిడ ఒక డబ్బా ఇచ్చి పంపుతోంది, ఎక్కడికని అడగటం లేదు. పిల్ల కట్టు విప్పాం. కాలు ఊని నిలబడింది. అన్నయ్య నా భుజం మీద ఒకటి చరిచాడు. ఆ చోటు ఇంకా వెచ్చగా ఉంది.


మే 21, గురువారం

పిల్ల కుర్చీ మీది నుంచి మంచం మీదికి ఎగిరింది. అన్నయ్య మొహం వెలిగిపోయింది. నేనూ చప్పట్లు కొట్టాను.

కానీ ఇక్కడ నిజమే రాయాలి. అది కాస్త నెమ్మదిగా కోలుకుంటే బాగుండునని ఉంది నాకు. మేం మాట్లాడేదంతా దాని గురించే. అది తిన్నదా, దాని రెక్క, దాని కాలు. అది ఎగిరిపోతే మర్నాడు ఏ వంక పెట్టుకుని ఆ తలుపు కొడతాను? ఆ లోపల తప్పు నాదే అన్న మాట అనేయాలి. ప్రతిరోజూ అనేద్దామని వెళ్తాను. ప్రతిరోజూ గుడ్డు ముక్కలు చేసి వస్తాను.


మే 23, శనివారం

రేపే అన్నాడు అన్నయ్య. ఎగిరే పిల్లని ఇంకా గదిలో ఉంచటం పాపం.

చిక్కల్లా ఒకటే. పిల్లని చేతిలో పట్టుకుని అన్నయ్య బయటికి వస్తే కాకులు బతకనివ్వవు. చెయ్యి అసలే నిలవదు, పిల్ల జారిపోతుంది. నేను పట్టుకుంటానంటే అది నా చేతిలో ఒక్క క్షణం ఉండదు, వేలు పొడిచి గోల చేస్తుంది. ఉన్నట్టుండి నాకు నవ్వొచ్చింది. కాకులకి కావలసింది తెల్లగడ్డమే కదా. నా దగ్గర ఒకటుంది.


మే 24, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టను? వరసగా రాస్తాను, లేకపోతే తర్వాత నాకే నమ్మకం కలగదు.

ఆరింటికి మా ఆవిడ కూడా బయల్దేరింది. స్టూలు ఎవరు పట్టుకుంటారండీ అంది. ఆరేళ్ళ తర్వాత బావగారిని చూసి కళ్ళు తుడుచుకుని, వెంటనే ఆయన వంటగది చూసి తిట్టటం మొదలుపెట్టింది. నేను గడ్డం అంటించుకున్నాను. అంచులు ముందు. కింద అంటించబోతుంటే అన్నయ్య వచ్చి, వంకరగా పెట్టావురా అని, వణికే వేళ్ళతోనే సరిచేశాడు. తన చొక్కా నాకు తొడిగాడు. అద్దంలో ఇద్దరం పక్కపక్కన నిలబడితే మా ఆవిడ ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

ముందు గుమ్మంలోంచి నేను. వెనక గుమ్మంలోంచి వాళ్ళు. నేను ట్యాంకు దాకా పరిగెత్తాలి, ఆ లోపల అన్నయ్య స్టూలెక్కి పిల్లని చెట్టు కింది కొమ్మ మీద దించాలి.

గేటు తీశాను. ఇన్‌స్పెక్టరు పెళ్ళాం చూసింది. ఇంక నేను చెప్పేదేముంది, ఆకాశం మీద పడింది. ఎనిమిదో, పదో, లెక్కపెట్టే తీరిక ఎవరికుంది? పరిగెత్తాను. ఒకటి చెవి పట్టుకుంది, ఒకటి వీపు మీద తన్నింది, చొక్కా చిరిగింది. ఇళ్ళల్లోంచి జనం బయటికి వచ్చారు. నల్లకుక్క ఆవిడ గోడకి అతుక్కుపోయింది, కుక్క నా పక్కనే పరిగెత్తింది, ఎందుకో దానికే తెలియాలి. రండర్రా, నన్నే కొట్టండి, నేనే తెల్లగడ్డాన్ని అని అరుస్తున్నాను. జీవితంలో ఎప్పుడూ అంత హుషారుగా లేను.

ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి చెమటకి జిగురు వదిలింది. ఇన్‌స్పెక్టరు దిగి, గడ్డం మొత్తం గోళ్ళతో పట్టి, ఒక్క ఊపున ఊడబెరుక్కుని పైకి పోయాడు. తీగ మీద గడ్డంతో సహా కూర్చున్నాడు. మిగతావన్నీ నా చుట్టూ తిరిగి, నా వంక చూసి, ఆగిపోయాయి. ఇప్పుడు నేను ఎవరినో వాటికి తెలియదు. సందంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది.

అప్పుడు సందు ఆ చివర నుంచి పిల్ల అరిచింది.

అన్నీ ఒకేసారి గాల్లో తిరిగాయి. గడ్డం తీగ మీద నుంచి జారి కింద పడింది. నేనూ తిరిగి చూశాను. అన్నయ్య స్టూలు మీద నిలబడి చెయ్యి పైకెత్తి ఉన్నాడు. పిల్ల ఇంకా ఆయన చేతి మీదే ఉంది, దిగటం లేదు. కొమ్మ జానెడు దూరంలో ఉంది. మా ఆవిడ స్టూలు పట్టుకుని తల వంచుకుంది. వద్దు, దిగు అన్నయ్యా అని అరిచాను, నా గొంతు నాకే వినబడలేదు. తల్లికాకి ముందు చేరి నెత్తి మీద కొట్టింది. రెండోది నుదుటి మీద. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు, చెయ్యి మాత్రం దించలేదు. చెయ్యి వణుకుతోంది, పిల్ల ఆ వణుకుతో పాటు ఊగుతోంది. ఒకసారి రెక్కలు విప్పింది. కొమ్మ మీదికి వెళ్ళింది. అక్కడి నుంచి పై కొమ్మకి. అక్కడి నుంచి దాని పైదానికి. తల్లి అన్నయ్యని వదిలేసి పిల్ల దగ్గరికి పోయింది.

అన్నయ్య స్టూలు మీద నుంచి దిగకుండా అలాగే పైకి చూస్తూ నిలబడ్డాడు. నేను రొప్పుతూ వచ్చి ఆయన మోకాళ్ళు పట్టుకున్నాను, పడిపోతాడేమోనని. సందులో వాళ్ళెవరో చప్పట్లు కొట్టారు.


మే 25, సోమవారం

నిన్న సాయంత్రం అన్నయ్య గడ్డం గీశాను. షాపుకి రానన్నాడు, సామాను పట్టుకుని నేనే వెళ్ళాను. ముందు కత్తెరతో పొడవు తీసి, నుదుటి గాయానికి తగలకుండా వేడి గుడ్డ వేసి, నురగ పెట్టాను. కుడి చెంప అయ్యింది. ఎడమ చెంప సగం అయ్యింది. వెనక నిలబడి మాట్లాడటం తేలిక. గిరాకీలు తమ కష్టాలన్నీ నాకెందుకు చెప్పుకుంటారో అప్పుడు తెలిసింది. మొహం చూడక్కర్లేదు.

చెప్పేశాను. కత్తి లాక్కోకూడదు అన్నయ్యా, అందరి ముందు అలా లాక్కోకూడదు, తప్పు చేశాను అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను.

అన్నయ్య నురగలోంచే అన్నాడు.

"లాక్కున్నందుకు కాదురా. నువ్వు లాక్కోకపోతే ఆయన రెండో చెవి కూడా పోయేది. ఆ సాయంత్రం షాపు మూసి వస్తావనుకున్నాను. తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నాను."

నా చెయ్యి వణికింది. కత్తి పక్కన పెట్టేశాను. అన్నయ్య సగం గడ్డంతో, కళ్ళు మూసుకుని, చెయ్యి వెనక్కి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. ఎవరి చెయ్యి వణుకుతోందో తెలియలేదు. నా చెయ్యి నిలబడే దాకా అలాగే కూర్చున్నాడు. తర్వాత మిగతా సగం గీశాను.

ఇవాళ పొద్దున ఇద్దరం నడిచాం. నలభై నిమిషాలూ నడిచాం. కాకులు మమ్మల్ని ఎరగనట్టే ఉన్నాయి.

ఇప్పుడు సాయంత్రం ఆరున్నర. షాపులో ఇంకా ఇద్దరు కూర్చుని ఉన్నారు. రేపు రండి బాబూ అని చెప్పాను. షాపు మూసేసి వెళ్తున్నాను.